మొక్క నాటిన తర్వాత: ఓరుగల్లు యువత, పర్యావరణ సేవ, ఉపాధి శిక్షణ

యువతను పర్యావరణ సేవలోకి పిలవడంలో రెండు పనులు కలిసి ఉంటాయి. ఊరి చెరువుకో, అడవికో, వీధికో వాళ్ల రెక్కల కష్టం అందడం ఒకటి. ఆ కష్టంలోనే చేతికి ఒక పని పట్టుబడి, రేపు దానితో బతుకు వెళ్లదీసుకోగలగడం రెండోది. మొదటిదాన్ని సేవ అంటారు, రెండోదాన్ని ఉపాధి శిక్షణ అంటారు. ఈ రెంటికీ వేర్వేరు శాఖలు, వేర్వేరు పథకాలు, వేర్వేరు సర్టిఫికెట్లు ఉన్నాయి. కాలేజీ పిల్లలు సేవ చేస్తారు గాని పని నేర్చుకునేదాకా ఉండరు. శిక్షణ కేంద్రానికి వెళ్లినవాళ్లు పని నేర్చుకుంటారు గాని ఆ పని వాళ్ల ఊరి చెరువు దాకా రాదు. ఓరుగల్లు (వరంగల్) ప్రాంతంలో ఈ రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చూస్తే విషయం చాలావరకు తేటపడుతుంది.

ఓరుగల్లు చెరువుల నేల. గోదావరి ఏటూరునాగారం, మంగపేటల అంచున పారుతుంది. మిగిలిన ఊళ్లకు చాలాకాలం వానే దిక్కు, ఆ వానను ఆపే కట్టే దిక్కు. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువులు కాకతీయుల కాలం నాటివి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా వాటి కింద వరి పండుతోంది. ఇవి పేరున్న పెద్ద చెరువులు. వీటికి పైనా కిందా ఊరూరా చిన్న చెరువులు, కుంటలు ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరతాయి. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులన్నారు. గొలుసులో ఒక్క లంకె తెగినా కింది ఊళ్లన్నీ ఆ దెబ్బ తింటాయి.

చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాలనే ఏడు పుణ్యకార్యాల్లో ఒకటిగా లెక్కించిన కాలం కాకతీయులది. తవ్వించినవారి పేర్లు శాసనాలకెక్కాయి. కాపాడినవారి పేర్లు ఎక్కలేదు. చెరువును ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉన్నవాడు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలి, కట్ట మీద ఎక్కడ ఎలుక బొక్క పడింది, మత్తడి రాళ్లు ఎక్కడ కదిలాయి అన్నది అతనికి తెలుసు. కల్లంలో గింజలు కొలిచేటప్పుడు అతనికి వాటా దక్కేది. అతని వెంట కొడుకు కట్ట మీద తిరిగి అదే పని నేర్చుకునేవాడు. ఊరికి సేవ, ఇంటికి తిండి, చేతికి విద్య ఒక్కచోటే దొరికిన ఏర్పాటది. కులాన్ని బట్టి పని అంటగట్టడం అందులోని లోపం, దాన్ని తిరిగి తెచ్చుకోవాల్సిన పని లేదు. కాని కాపలాకు కూలి ఉండాలి, కాపలాకు కూడా నేర్పు కావాలి అన్న ఎరుక ఆ ఏర్పాటులో ఉంది. బోరు బావులు, కరెంటు మోటార్లు వచ్చి రైతు చూపు చెరువు మీద నుంచి మళ్లాక ఆ కొలువు చాలా ఊళ్లలో సన్నగిల్లింది. కట్ట మీద సర్కారు తుమ్మ పెరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక యువత శ్రమను ఊళ్లకు మళ్లించే ప్రయత్నాలు దేశమంతటా జరిగాయి. 1950లో వన మహోత్సవం మొదలైంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. విద్యార్థులను అందించే కాలేజీలు ఇక్కడా వచ్చాయి: వరంగల్‌లో 1959లోనే ఇంజినీరింగ్ కాలేజీకి పునాది పడింది, అదే నేటి ఎన్.ఐ.టి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. పర్యావరణాన్ని అన్ని స్థాయుల్లో పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. పదేళ్లకు బడుల్లో జాతీయ హరిత దళం క్లబ్బులు వెలిశాయి. డిగ్రీలో పర్యావరణ అధ్యయనం తప్పనిసరి సబ్జెక్టయింది. పాఠం తప్పనిసరి అయింది గాని, ఆ పరీక్షలో పాసైన విద్యార్థి చేతికి పార రాలేదు.

జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దానికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. 120 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన పదిహేను రోజులు. ఒక మనిషికి ఊరిని పరిచయం చేయడానికి, చేతులకు మట్టి అంటించడానికి ఆ కాలం సరిపోతుంది, అది చిన్న విషయమేమీ కాదు. పట్నంలో పెరిగిన పిల్ల మొదటిసారి తట్ట ఎత్తేది, పల్లెలో కూలి తల్లి రోజంతా ఏం చేస్తుందో తెలుసుకునేది ఆ శిబిరంలోనే. కాని ఒక చెరువును గాని, ఒక తోటను గాని పదిహేను రోజుల్లో కాపాడలేరు. వానాకాలంలో శిబిరం పెట్టి నాటిన మొక్కకు నీళ్లు కావాల్సింది మార్చిలో. అప్పటికి విద్యార్థులు పరీక్షల్లో ఉంటారు. మే నెలలో సెలవుల్లో ఉంటారు. సేవ చేసే కాలానికీ మొక్క దాహానికీ కుదరని లెక్క ఇది.

ఈ లెక్కను కుదిర్చిన దేశాలు ఉన్నాయి. అమెరికాలో మహా ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పౌర సంరక్షణ దళాన్ని ఏర్పాటు చేశాడు. పని దొరకని యువకులను శిబిరాల్లో ఉంచి, తిండీ బట్టా పెట్టి, చెట్లు నాటించారు, నేల కోత ఆపించారు, అడవి మంటలు ఆర్పించారు, పార్కుల్లో బాటలు వేయించారు. నెలకు 30 డాలర్ల జీతంలో 25 డాలర్లు ఇంటికే వెళ్లేవి. 1942 వరకు తొమ్మిదేళ్లలో దాదాపు 30 లక్షల మంది ఆ దళంలో పనిచేశారు, సుమారు 300 కోట్ల మొక్కలు నాటారు. ఇక్కడ గమనించాల్సింది సాయంత్రం సంగతి. పగలు పని, చీకటి పడ్డాక శిబిరంలో చదువు. అక్షరం రానివాళ్లు 40 వేలమందికి పైగా అక్కడ చదవడం నేర్చుకున్నారు. మిగిలినవాళ్లు ట్రక్కు నడపడం, కొలతలు తీయడం, తాపీ పని, వడ్రంగం నేర్చి బయటికి వచ్చారు. ఆ దళంలో ఆడపిల్లలకు చోటు లేదు, నల్లజాతి యువకులను వేరే శిబిరాల్లో ఉంచారు. ఈ రెండు తప్పులూ ఏ దేశమూ అనుకరించాల్సినవి కావు.

దక్షిణాఫ్రికాలో 1995లో మొదలైన కార్యక్రమం ఇంకా దగ్గరి పోలిక. అక్కడ వాగుల పక్కన పరాయి జాతి చెట్లు దట్టంగా పెరిగి నీటిని తాగేస్తున్నాయి. వాటిని నరికి వేళ్లతో తీసేసే పనిని పేద కుటుంబాలవారికి ఇచ్చారు, మహిళలకూ యువతకూ వాటా కేటాయించారు. రంపం పట్టడం, ప్రథమ చికిత్స, లెక్కలు రాయడం నేర్పారు. పని తెలిసినవాళ్లు చిన్న జట్లు కట్టి కాంట్రాక్టులు తీసుకునే స్థాయికి వచ్చారు. సర్కారు తుమ్మ కమ్ముకున్న చెరువు శిఖం భూములు, గుర్రపుడెక్క కప్పేసిన చెరువులు ఓరుగల్లు చుట్టుపక్కల ఎన్నో. వాటిని తొలగించడం యంత్రం ఒక్కసారి వచ్చి పోతే తీరే పని కాదు. వేరు ముక్క మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. మూడు నాలుగేళ్లు వెంటపడి తీయాలి. అందుకు ఊళ్లో ఉండే జట్టు కావాలి.

తెలంగాణలో ఇటువంటి పనికి అవకాశం పెద్ద ఎత్తున వచ్చింది 2015లో. ఆ ఏడాది మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటల్లో పూడిక తీయాలన్నది దాని లక్ష్యం. జూలై 3న హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు నాటి, రాష్ట్ర భూభాగంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచాలన్నారు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకి ఒక నర్సరీ ఉండాలని, పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పింది. నాటిన సంఖ్య కన్నా బతికిన సంఖ్యను చట్టంలోకి తేవడం గొప్ప మలుపు. ఇప్పుడు వన మహోత్సవం పేరుతో నడుస్తున్న కార్యక్రమానికీ ఆ నర్సరీలే ఆధారం.

ఊరి నర్సరీ చిన్న చోటు. పాతిక గుంటల స్థలం, చుట్టూ ముళ్ల కంచె, మీద షేడ్ నెట్, ఒక నీళ్ల తొట్టి. కాని శిక్షణకు అంతకన్నా మంచి తరగతి గది ఆ ఊళ్లో దొరకదు. పని చలికాలంలోనే మొదలవుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు జల్లెడ పట్టి కలుపుతారు. సంచి అడుగున బొక్కలు ఉన్నాయో లేదో చూసి మట్టి నింపుతారు. వదులుగా నింపితే నాటే రోజు సంచి కోయగానే మట్టి గడ్డ విరిగి వేరు తెగుతుంది. మరీ బిగించి నింపితే నీళ్లు దిగవు. సంచి నింపిన చెయ్యి ఎవరిదో ఆరు నెలల తర్వాత నాటేచోట తెలిసిపోతుంది.

విత్తనాల సంగతి ఇంకా లోతైనది. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లో మట్టిలో పడకపోతే మొలకెత్తే శక్తి చాలావరకు పోతుంది. టేకు గింజ పెంకు గట్టిది. రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, అలా కొన్ని రోజులు చేస్తే గాని కదలదు. నల్లతుమ్మకు వేడినీళ్లు కావాలి. మొక్క జానెడు లేచాక సంచులు జరపాలి. లేకపోతే వేరు సంచి చీల్చుకుని నేలలోకి పోతుంది, ఎత్తిన రోజు తెగుతుంది. పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు పేర్చాలి, లేకుంటే పొట్టి మొక్కలకు ఎండ అందదు. ఈ నేర్పు పుస్తకం చదివితే రాదు. ఒక ఏడాది నర్సరీలో గడిపిన పదో తరగతి పాసైన పిల్లకు ఇది వచ్చి ఉంటుంది. ఖమ్మం పక్కన రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్యకు పెద్ద చదువు లేదు. ఏ చెట్టు గింజ ఏ నెలలో రాలుతుందో, ఎలా దాచాలో ఆయనకు తెలుసు. జేబులో విత్తనాలు పెట్టుకుని సైకిలు మీద తిరిగి కోటికి పైగా మొక్కలు నాటిన మనిషిగా పేరుపొందారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన విద్యకు ఏ కోర్సులోనూ పేరు పెట్టలేదు. అలాంటి విద్యను మరో వెయ్యి మందికి ఎలా అందించాలన్నదే శిక్షణ ముందున్న అసలు ప్రశ్న.

చెరువు పని ఇంతకన్నా బాధ్యత గలది, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే ప్రాణాలు పోతాయి. 2023 జూలై చివర్లో కురిసిన వాన ఆ సంగతి గుర్తు చేసింది. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వానలో దాదాపు సగం అది. భూపాలపల్లి దగ్గర మోరంచ వాగు మోరంచపల్లి ఊరి మీదికి వచ్చింది. హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. ఆ వెంటనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఒకప్పుడు వరద నీళ్లు ఆగిన చోట్ల, ఒక చెరువు నుంచి మరో చెరువుకు పారిన దారుల్లో ఇళ్లు లేచాక నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. 2024 నవంబరులో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడికతీత చేపట్టారు. యంత్రాలు చేయగల పని యంత్రాలు చేస్తాయి. కట్టను కనిపెట్టుకుని ఉండే పని మనుషులే చేయాలి.

ఆ పని నేర్పదగినదే. చెరువు నిండిన రోజుల్లో కట్ట వెనక వాలున నడుస్తూ తడి మచ్చలు వెతకాలి. ఊట నీరు తేటగా కారుతుంటే ఆ చోట గుర్తు పెట్టి, రోజూ చూస్తూ, పెరుగుతోందా లేదా రాసుకోవాలి. బురదగా కారుతుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడు ఇంజినీరుకు ఫోను చేయాలి, కింది ఊరిని లేపాలి, ఊట ఉబికే బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు నిలిచేలా చేయాలి. అలా నిలిచిన నీటి బరువు ఊట వేగాన్ని తగ్గిస్తుంది. బుగ్గను మట్టితో పూర్తిగా మూసేస్తే నీరు ఇంకోచోట పగలదీస్తుంది. కట్ట మీద పెద్ద చెట్లు ఎందుకు ఉండకూడదో చాలామందికి తెలియదు. చెట్టు చచ్చాక వేరు కుళ్లి కట్ట లోపల గొట్టంలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ వెంట నీరు దారి చేసుకుంటుంది. పచ్చదనం పేరుతో కట్ట మీద మొక్కలు నాటించే శిబిరాలు అందుకే మేలు కన్నా కీడు చేయగలవు. సేవకు తెలివిడి ఎందుకు తోడు కావాలో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

విపత్తుల వేళ సాయపడేందుకు యువతకు పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చే ఆపద మిత్ర కార్యక్రమం దేశంలో ఉంది. ఉపాధి హామీ పనుల కొలతలు తీసేందుకు కూలీల కుటుంబాల్లోని పదో తరగతి చదివిన యువతకు మూడు నెలల శిక్షణ ఇచ్చి బేర్‌ఫుట్ టెక్నీషియన్లుగా తయారుచేసే ప్రయత్నం 2015లో మొదలైంది. ఉమ్మడి వరంగల్ జిల్లా 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ అమలైన తొలి రెండు వందల జిల్లాల్లో ఒకటి. పూడిక తీయడం, కందకాలు తవ్వడం, గుంతలు తీయడం ఇక్కడి కూలీలకు కొత్త కాదు. అయినా ఇరవై ఏళ్లు గడ్డపార పట్టిన కూలి ఇంకా నైపుణ్యం లేని కూలిగానే లెక్కలో ఉన్నాడు. అతని కొడుకో కూతురో అదే మట్టిని లెవెల్ యంత్రంతో కొలిచి ఎస్టిమేట్ రాయగలిగితే ఆ ఇంటి దశ మారుతుంది. బేర్‌ఫుట్ టెక్నీషియన్ ఆలోచనలోని బలం అదే. దాన్ని విస్తరించాల్సింది పోయి చిన్నగానే ఉంచేశారు.

ఇక అడవి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు రెండూ 1950ల తొలినాళ్ల నుంచి ఉన్నవే. ఒక్కొక్కటి ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు పైనే. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు ఉన్న అడవి ఇది. తునికాకు, ఇప్పపువ్వు, తేనె ఏరుకుని బతికే కోయ కుటుంబాలకు ఈ అడవి దారులన్నీ తెలుసు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలివాన బీభత్సానికి కొద్ది గంటల్లోనే వందల ఎకరాల్లో వేలాది చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. అక్కడ ఏ మొలక వస్తోంది, ఏ కలుపు ముందు కమ్ముతోంది, పశువులు ఎంత మేస్తున్నాయి అన్నది ఏడాదికేడాది రాసిపెట్టాలి. ఆ పనిని దూరం నుంచి వచ్చే శాస్త్రవేత్త ఒక్కడే చేయలేడు. పక్క గూడెం పిల్ల, చేతిలో కొలత టేపు, నోటుపుస్తకం పట్టుకుని చేయగలదు.

అందుకు దారి కూడా చట్టంలో ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఉన్న చెట్టూ చేమా, పశువూ పక్షీ, వాటిని జనం ఏం చేసుకుంటారో రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో పది జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, ఆ తర్వాత దేశమంతా విస్తరించిన హరిత నైపుణ్య శిక్షణలో మొదటి కోర్సులే ఈ పనికి సంబంధించినవి. స్థానిక మొక్కలనూ జంతువులనూ గుర్తుపట్టి నమోదు చేసే కార్యకర్తలను తయారుచేయడం వాటి ఉద్దేశం. 2021 నాటికి అయిదు లక్షలకు పైగా యువతకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. కోర్సులు మంచివి. కోర్సు అయ్యాక ఏ పంచాయతీ ఆ పిల్లను పిలిచి రిజిస్టరు రాయించుకుని కూలి ఇవ్వాలన్నది మాత్రం ఎక్కడా గట్టిగా రాయలేదు. మేడారానికి దగ్గర్లో, ములుగులో, సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటుకు పార్లమెంటు 2023 డిసెంబరులో ఆమోదం తెలిపింది. అటవీ విద్యకూ ఊరి రిజిస్టరుకూ ముడివేయగల చోటు అదే.

అటవీ శాఖలో బీట్ ఆఫీసరు ఉద్యోగం ఈ ప్రాంతపు యువత బాగా కోరుకునే కొలువు. దానికి రాతపరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది. నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. గూడెం పిల్లలకు నడక కష్టం కాదు, రాతపరీక్ష దగ్గరే ఆగిపోతారు. ఎండాకాలంలో మంటల కాపలాకు, బేస్ క్యాంపుల్లో గస్తీకి రోజుకూలి మీద పనిచేసేది వాళ్లే. ఫిబ్రవరి నుంచి మే దాకా రాలిన ఆకును ఊడ్చి మంట దాటకుండా దారులు చేస్తారు. ఉపగ్రహం పసిగట్టిన మంట ఎక్కడుందో సెల్‌ఫోనుకు వచ్చిన సందేశం చూసి పరుగెత్తుతారు. పదేళ్లు ఈ పని చేసినవాడి అనుభవానికి ఉద్యోగ నియామకంలో మార్కులు కలపడం న్యాయం. ఉద్యోగ శిక్షణ అన్న మాటకు అడవి అంచున ఉన్న అర్థం అదే. రాష్ట్రంలో అటవీ విద్యకు 2016లో కాలేజీ వచ్చింది. అది ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో. మేడారం ఉన్న ములుగు వేరు. పేరు ఒకటే అయినా ఈ రెండు ఊళ్ల పిల్లల అవకాశాల మధ్య దూరం చాలా ఉంది.

పట్నం వైపు వస్తే చెత్త పని ముందుకొస్తుంది. వరంగల్ నగరం 2012 అక్టోబరులో చేసిన ప్రయోగం అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా చర్చకు వచ్చింది. స్వచ్ఛ నగరాల పోటీ పేరుతో వేరే పట్టణాల మున్సిపల్ సిబ్బందిని వరంగల్‌కు పిలిచి, వార్డులు పంచి, ఇంటింటికీ తిప్పి, తడి చెత్త, పొడి చెత్త వేరుచేయించడం చేయిస్తూనే నేర్పారు. ఉపన్యాసం హాల్లో కాకుండా గల్లీలో, తోపుడు బండి పక్కన జరిగింది. వచ్చినవాళ్లు తమ ఊళ్లకు ఆ పద్ధతి పట్టుకెళ్లారు. పనిలోనే శిక్షణ అంటే ఎలా ఉంటుందో ఈ నగరం తానే ఒకసారి చేసి చూపింది. తర్వాతి ఏళ్లలో ఆ ఊపు నిలకడగా సాగలేదు, మడికొండ డంపింగ్ యార్డులో చెత్త పేరుకుంది. పొడి చెత్తలో ఏ ప్లాస్టిక్ ఏ ధర పలుకుతుందో తెలిసినవాళ్లు, ఎరువు గుంతలో వేడి ఎంత ఉండాలో చెయ్యి పెట్టి చెప్పగలిగినవాళ్లు నగరానికి కావాలి. చెత్త ఏరుకునే కుటుంబాల పిల్లలకు ఆ తెలివి సగం ముందే ఉంది. చేతికి తొడుగు, కాలికి బూటు, గుర్తింపు కార్డు, నెల జీతం ఇస్తే మిగతా సగం త్వరగానే వస్తుంది.

రెండేళ్లకోసారి మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఈ పనికి అతిపెద్ద పరీక్ష. అధికారుల అంచనాల్లో కోటి మంది దాటే జనం నాలుగు రోజుల్లో అడవి మధ్యకు వచ్చిపోతారు. ప్లాస్టిక్ తేవద్దని అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు దారుల్లో నిలబడి చెబుతారు. జాతర అయ్యాక అడవిలో మిగిలిన సీసాలు, కవర్లు ఏరుతారు. భక్తులకు ఎదురెళ్లి బట్ట సంచి చేతిలో పెట్టిన పిల్లల మాటను అమ్మవార్ల గద్దెలకు వచ్చినవాళ్లు కసురుకోకుండా వింటారు. యూనిఫాం వేసుకున్నవాళ్లు జరిమానా రాసేదానికన్నా ఆ పిలుపు చాలాచోట్ల బాగా పనిచేస్తుంది.

ఊరు తనంతట తాను నిలబడ్డ ఉదాహరణలూ ఈ ఉమ్మడి జిల్లాలోనే ఉన్నాయి. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో మంచినీరు, పారిశుద్ధ్యం వంటి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని జనమే నడుపుకున్నారు. జనగామ వైపు ఏనబావి ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసింది. 1997-98లో పత్తి పురుగు వరంగల్ రైతులను ఎంత ఏడిపించిందో తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది. ఏనబావి యువతకు వేప కషాయం కాయడం, పశువుల పేడ మూత్రాలతో ఎరువు చేయడం, పురుగు జీవితచక్రం చూసి ఎర పెట్టడం చేతికి వచ్చిన విద్యలు. పక్క ఊళ్ల రైతులు వచ్చి నేర్చుకుంటారు. ఊరే బడి కావడం అంటే అది.

ఇన్ని పనులు ఉన్నచోట యువతకు పని లేదనడం విడ్డూరంగా ఉంటుంది. పని ఉంది, దానికి జీతపు పేరు లేదు. అందుకు మూడు ఏర్పాట్లు కావాలి. నాటిన ఏడాదికే కాక మూడేళ్ల సంరక్షణకూ డబ్బు కేటాయించి, ఆ డబ్బు ఊరి యువ జట్టుకు చేరేలా ఒప్పందం రాయడం మొదటిది. కాలేజీలో చేసిన సేవా గంటలను ఐ.టి.ఐ., నైపుణ్య కోర్సుల్లో లెక్కకు తీసుకోవడం రెండోది. అప్పుడు 240 గంటల సేవ ఒక కోర్సులో మొదటి భాగమవుతుంది. మూడోది ఆడపిల్లల సంగతి. నర్సరీల్లో సంచులు నింపేది ఎక్కువగా ఆడవాళ్లే, మేస్త్రీలుగా ఉండేది మాత్రం తక్కువ. మరుగుదొడ్డి, రానుపోను బండి, చీకటి పడకముందే ఇల్లు చేరే వేళలు ఉంటే తల్లిదండ్రులు పంపుతారు. ఇవి లేని శిక్షణ కేంద్రం ఎంత గొప్పదైనా సగం ఊరికి మూసి ఉన్నట్టే.

ఇలాంటి జట్టుకు ఏడాది పని కార్తెల వెంట నడుస్తుంది. మృగశిర నాటికి గుంతలు తవ్వి ఉండాలి, ఆరుద్ర చినుకు పడగానే మొక్కలు దిగాలి. పునర్వసు, పుష్యమి రోజుల్లో చెరువు నిండుతుంటే రాత్రిళ్లు వంతులేసుకుని కట్ట కాపలా. వానలు తగ్గాక కట్ట మీద పొదలు కొట్టడం, మత్తడి రాళ్లు సర్దడం, ఎలుక బొక్కలు బంకమన్నుతో కూరడం. చలికాలంలో విత్తనాలు ఏరడం, సంచులు నింపడం, ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో ఆ ఏడాది కనిపించిన పక్షులను రాయడం. మాఘ మాసం నుంచి అడవిలో ఆకు ఊడ్పు. ఎండలు ముదిరాక వారానికి రెండుసార్లు నీళ్ల ట్యాంకరు వెంట పోయి, కిందటేడు నాటిన మొక్కలకు పాదు సరిచేసి, ఒక్కో మొక్కకు బిందెడు నీళ్లు పోసి, బతికినవి ఎన్నో చచ్చినవి ఎన్నో పుస్తకంలో గీతలు గీయడం. రోహిణి కార్తె చివర ఆ గీతలు కూడితే ఎన్ని ఖాళీలు తేలాయో తెలుస్తుంది. ఖాళీలు ఎన్నో అన్నే సంచులు నర్సరీలో పక్కకు పెడతారు. మొదటి వాన పడిన తెల్లారి అవి ట్రాక్టరులోకి ఎక్కుతాయి.